వాసన కూడా లెక్కలోదే

మురుగునీటి శుద్ధి చూసే అధికారులకు,

అనంతపురంలో మురుగు పారే నడిమివంక పక్క వీధి నుంచి రాస్తున్నాను. పొద్దుగూకి గాలి ఆగిందంటే కిటికీలు మూసేస్తాం. దేవుడి గూట్లో వెండి కుంది తోమిన వారానికే నల్లబడుతోంది. అది దీపం మసి కాదు. గాలి తగలని మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండినలా చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపూ దానిదే. కుందిని చింతపండుతో తోముకుంటాం. ఉబ్బసమున్న మా అవ్వనేం చేయాలి?

2017 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన శుద్ధి ప్రమాణాల్లో పీహెచ్, బీఓడీ, నీటిలో తేలియాడే ఘనపదార్థాలు, మలకోలిఫాం ఉన్నాయి. వాసన లేదు. కాగితంలో లేదని వదిలేయకండి.

శుద్ధి కేంద్రం వద్దనడం లేదు. మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు. తాగునీళ్లు పెన్నహోబిలం జలాశయం నుంచి తెచ్చుకుంటాం. అంత దూరం నుంచి తెచ్చిన నీటిని ఒక్కసారి వాడి వంకపాలు చేయడం మాకు తగని దుబారా. ఇజ్రాయెల్ దాదాపు 90 శాతం మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటోంది, ఎక్కువగా పొలాలకే.

ఆ శుద్ధి కంపు లేకుండా జరగాలని మేమడిగేది ఇది. శుద్ధి కేంద్రం కొత్తగా కట్టినా, పాతది పెంచినా, మురుగు వచ్చి పడే తొట్టికీ బురద తొట్లకీ మూతలు టెండరులోనే రాయించండి. లోపలి గాలిని లాగి, తడి కంపోస్టు పరుపు గుండా వదలండి. అందులోని సూక్ష్మజీవులు కంపును తినేస్తాయి. కరెంటు పోతే గాలి తోలే బ్లోయర్లు ఆగకుండా జనరేటరు ఉంచండి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొలతలు రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

నెలలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
వంక పక్క వీధి నివాసి