గ్రూపులో అడగండి, కానీ ముందు ఫోన్ చేయండి

యూకేలో కేర్ హోముల్లో పనిచేసే మన తెలుగు అమ్మాయిలందరికీ ఈ పోస్ట్. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నాకు నెల తప్పిందని తెలిసినప్పుడు అమ్మ ఖమ్మంలో ఉంది, మా ఆయనకి నైట్ షిఫ్టులు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడి తెలుగు గర్భిణుల వాట్సాప్ గ్రూపులో చేరాను. ఆ గ్రూపే లేకపోతే నేను నెట్టుకొచ్చేదాన్ని కాదు. వీసా పోతుందేమోనని మేనేజర్‌కి చెప్పకుండా దాస్తుంటే, ఒక అక్క గట్టిగా చెప్పింది: "గర్భం వచ్చిందని ఉద్యోగం తీసేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. 20 వారాలు దాటాక మిడ్‌వైఫ్‌ని మ్యాట్ బీ వన్ ఫారం అడుగు." అర్హత ఉంటే మెటర్నిటీ పే 39 వారాలు వస్తుందని, మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం ఇస్తారని, అది పబ్లిక్ ఫండ్స్ కిందకి రాదు కాబట్టి వీసాకి భయం లేదని కూడా చెప్పింది. గవర్నమెంట్ సైట్‌లో చూసుకున్నా, అన్నీ నిజమే.

అదే గ్రూపు ఒకరోజు నన్ను ఆపేసేది కూడా.

34వ వారం. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నా, కడుపులో కదలిక బాగా తగ్గినట్టు అనిపించింది. గ్రూపులో పెట్టా. పది నిమిషాల్లో బోలెడు సమాధానాలు. "చల్లటి నీళ్లు తాగు", "స్వీట్ తిను", "చివరి నెలల్లో అంతే", "గుండె చప్పుడు వినే మిషన్ కొనుక్కో". అందరూ ప్రేమతోనే చెప్పారు. ఒక్కావిడ మాత్రం, "ఇక్కడ టైప్ చేయకు, మెటర్నిటీ యూనిట్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యి" అంది. చేశాను. రాత్రే రమ్మన్నారు, మానిటర్ పెట్టారు, రెండు రోజులు ఉంచుకుని చూశారు. బిడ్డ ఇప్పుడు నా ఒళ్లో ఉంది.

తర్వాత మిడ్‌వైఫ్ చెప్పింది: కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకూడదు. ఇంట్లో మిషన్‌లో చప్పుడు వినిపించినా బిడ్డ బాగుందని అర్థం కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. గ్రూపులు వద్దనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఒంటరితనానికి, కాగితాలకి, ధైర్యానికి వాటిని మించింది లేదు. కానీ కదలిక తగ్గడం, రక్తం కనపడటం, తట్టుకోలేని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, వీటికి గ్రూపు డాక్టర్ కాదు. అడ్మిన్‌లు ఒక రూల్ పెట్టండి: ఇలాంటి మెసేజ్ వస్తే మొదటి జవాబు "ఫోన్ చెయ్యి" అనే ఉండాలి. చిట్కాలు తర్వాత.

ఇంగ్లీష్ రాదని మొహమాటపడకండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, ఎన్‌హెచ్‌ఎస్‌లో దానికి డబ్బులు తీసుకోరు.

మీ గ్రూపులో ఈ రూల్ ఉందా? లేకపోతే ఈ పోస్ట్ అక్కడ పెట్టండి.