కట్టెల మోపుకు సబ్సిడీ ఇస్తున్నది ఎవరు?

సబ్సిడీ అనగానే ప్రభుత్వం ప్రజలకు ఇచ్చేదని అనుకుంటాం. కరెంటుకు ఇంత, గ్యాస్‌కు ఇంత, ఖజానాపై భారం ఇంత అని బడ్జెట్ రోజున లెక్కలు చెబుతారు. వంటింటి వైపు నుంచి చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. కట్టెలు ఏరి, మోపు కట్టి, నెత్తిన మోసుకొచ్చి, పొగలో వండే స్త్రీయే తన శ్రమతో దేశపు ఇంధన ఖర్చును మోస్తోంది. ఆ పద్దు ఏ బడ్జెట్లోనూ ఉండదు.

జనగామ జిల్లాలోని దేవరుప్పుల మండలాన్నే తీసుకుందాం. ఇది మెట్ట ప్రాంతం, బోర్ల మీద ఆధారపడిన సాగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం జరిగింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటల సరఫరా అయింది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలకు ఇది అవసరమైన ఊరట. దాన్ని తీసేయమని మనం అడగటం లేదు. కానీ ఆ సబ్సిడీ దేన్ని వెతుక్కుంటూ వస్తుంది? భూమిని, బోరును, మోటారును. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగుదారుల్లో స్త్రీలు సుమారు 14 శాతమే. భూమిలేని కూలీ స్త్రీకి ఆ కరెంటుతో పారిన పొలంలో నాటు కూలి తప్ప దక్కేదేమీ లేదు.

స్త్రీల పేరు మీద వచ్చేది గ్యాస్. 1999లో దీపం పథకం కింద స్వయం సహాయక బృందాల స్త్రీలకు కనెక్షన్ డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. రెండింటిలోనూ కనెక్షన్ మీద ఉన్న శ్రద్ధ రీఫిల్ మీద లేదు. కనెక్షన్ ఒక్కసారి ఇస్తే అయిపోతుంది, రీఫిల్ ఎప్పటికీ ఉండే ఖర్చు. పైకం లేని నెలలో ఆడవాళ్లు మళ్లీ పత్తి కట్టెకు, సర్కారు తుమ్మకు పోవలసిందే.

2024 ఫిబ్రవరి 27న రాష్ట్ర ప్రభుత్వం మహాలక్ష్మి కింద 500 రూపాయలకు సిలిండర్ ఇవ్వటం మొదలుపెట్టింది. ఇది స్వాగతించదగిన అడుగే. కానీ మార్గదర్శకాల్లో రెండు మెలికలున్నాయి. ముందు పూర్తి ధర చెల్లించాలి, మిగిలింది తర్వాత ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బులేని స్త్రీకి ఇది మొదటి గడప. రెండోది, గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టే సిలిండర్ల సంఖ్య. ఏడాదికి ఎనిమిది కొనగలిగిన ఇంటికి ఎనిమిదింటికి సాయం, కొనలేక మూడింటితో సరిపెట్టుకుని మిగతా కాలం కట్టెల మీద వండిన ఇంటికి మూడింటికే. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ! కొనలేకపోవటాన్ని అవసరం లేకపోవటంగా లెక్కగట్టారు.

దీని ఖరీదు చిన్నది కాదు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునేది ఎవరో మనకు తెలియంది కాదు.

1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ మండలంలోదే. కూలి లేని చాకిరీకి వెట్టి అని పేరు పెట్టి ఎదిరించిన నేల ఇది. కట్టెల కోసం, వంట కోసం స్త్రీలు చేసే కూలిలేని చాకిరీకి మాత్రం మనం ఇంకా 'ఇంటిపని' అనే పేరుతోనే సరిపెట్టుకుంటున్నాం.

అందుకే సంఘాల్లో ఈ డిమాండ్లపై చర్చ జరగాలి. సబ్సిడీకి కొలత పాత వాడకం కాదు, ఇంట్లో తినే మనుషుల సంఖ్య కావాలి. సాయం పోను మిగిలిన ధర మాత్రమే ముందు తీసుకోవాలి. ఒంటరి స్త్రీలను, కౌలు కుటుంబాలను రేషన్ కార్డు లేదనే పేరుతో వదిలేయకూడదు. ఇంధన విధానం రాసేటప్పుడు కట్టెల మోపు మోయటానికి పట్టే గంటలను కూడా ఖర్చు కింద రాయాలి. గ్రామసభలో మోటార్ల సంగతి మాట్లాడినంత గట్టిగా పొయ్యి సంగతి మాట్లాడిన రోజునే ఆ పద్దు లెక్కలోకి వస్తుంది.