పరుల వోటు - మన పాటు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని నాలుగేండ్ల పదవీకాలము సగము గడచునప్పటికి శాసనసభలకు ఎన్నికలు జరుగును. ప్రతినిధి సభయందలి 435 స్థానములును, సెనేటునందలి స్థానములలో ఇంచుమించు మూడవవంతును అప్పుడు ప్రజల తీర్పునకు వచ్చును. వీనినే మధ్యకాలపు ఎన్నికలందురు. 2018 నవంబరు 6వ తేదీనాటి ఎన్నికలలో ప్రతినిధి సభ డెమోక్రాటుల వశమైనది. 2022 నవంబరు 8వ తేదీనాటి ఎన్నికలలో 213 స్థానములకు ఎదురుగా 222 స్థానములతో అది మరల రిపబ్లికనుల వశమైనది. సెనేటు మాత్రము డెమోక్రాటులకే మిగిలినది. ఇది పరదేశపు ఇంటి సంగతి. ఆ కక్షుల గెలుపోటములతో మనకేమి పని యని పాఠకులడుగవచ్చును. పని యున్నదో లేదో తెలియగోరువారు మాదాపూరు వీథులలో నొకమారు నడచి చూచెదరు గాక.

అచ్చట రాత్రివేళ వోట్ల లెక్క జరుగుచుండ మనకు తెల్లవారును. హైటెక్ సిటీ కార్యాలయములలోను, గచ్చిబౌలి టీ దుకాణములకడను ఆ ఫలితములే ముచ్చట. తానున్న నియోజకవర్గపు శాసనసభ్యుడెవరన్న తడబడు యువకుడు, పెన్సిల్వేనియా సెనేటు స్థానమెవరికి దక్కినదో తడుముకొనక చెప్పగలడు. ఇది చూచి నవ్వుటకు మాకు మనసొప్పదు. అతని యన్న డల్లాసులో నుండును. అతని భార్య చదువు న్యూజెర్సీలో సాగుచుండును. అతడు చేయు పని అట్లాంటాలోని యొక వర్తకునిది. ఎవని కూడు ఎచ్చట వండబడునో వాని చూపచ్చటనే యుండుట సహజము.

ఈ సంబంధమొకనాటిది కాదు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు ప్రారంభించినది మొదలు, రాళ్లగుట్టలును పొలములును ఉన్న చోట పట్టణము మొలచినది. అమీర్‌పేటలో నాలుగు నెలలు చదివిన కుఱ్ఱవాడు సముద్రము దాటెను. పల్లెలో పొలమమ్మి బిడ్డను పంపిన తండ్రులెందఱో కలరు. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి వీసా కోరి, అది దొరకిన పిమ్మట నూటయెనిమిది ప్రదక్షిణములు చేసి మ్రొక్కు తీర్చుకొనుట మన కాలపు ఆచారమైనది. బేగంపేటలోని పైగా భవనమున 2008లో వెలసిన అమెరికా కాన్సులేటు కార్యాలయము 2023లో నానక్‌రామ్‌గూడకు, అనగా ఈ కొలువుల నడుమకే, తరలివచ్చినది.

ఇక ఆ దేశపు చట్టము సంగతి. 1990లో చేసిన చట్టము హెచ్-1బి వీసాలకు ఏటికి 65,000 అని హద్దు పెట్టినది. 1998లోను 2000లోను ఆ హద్దును కొన్నేండ్లకు పెంచి 1,95,000 దాకా తెచ్చిరి. గడువు తీరగానే 2004లో పూర్వపు సంఖ్యయే నిలిచినది. అచ్చటి విశ్వవిద్యాలయములలో పై పట్టములు పొందినవారికి మఱి 20,000 చేర్చిరి. మంజూరగు వీసాలలో పదింట ఏడు పాళ్లకు మించి భారతీయులవే. కాని స్థిరనివాసమునకు గ్రీన్ కార్డు కోరునపుడు, ఏ దేశమునకైనను నూటికి ఏడుకంటె మించరాదను నియమము అడ్డు వచ్చును. చిన్న దేశమునకును, 140 కోట్ల భారతదేశమునకును అదే కొలత. తత్ఫలితముగా మనవారు పదులకొలది యేండ్లు వరుసలో నిలిచియున్నారు. తలిదండ్రులతో వెళ్లిన పసిబిడ్డలు ఇరువదియొక యేండ్లు నిండగానే ఆ వరుసనుండి తొలగింపబడు ప్రమాదములో నున్నారు.

కక్షులు మారినందున ఈ నియమము మారినదా? పరిశీలింతము. 2018 ఎన్నికల పిమ్మట, దేశమువారీ హద్దును తొలగించు బిల్లు 2019 జూలైలో ప్రతినిధి సభయందు 65 వోట్లకు ఎదురుగా 365 వోట్లతో నెగ్గినది. రెండు కక్షులవారును చేతులెత్తిరి. మాదాపూరు సంతోషించినది. సెనేటు 2020 డిసెంబరులో వేఱొక రూపమున దానిని ఆమోదించినది. రెండు రూపములకును పొత్తు కుదురకమునుపే ఆ సభల కాలము తీరెను, బిల్లు మురిగిపోయెను. 2022 ఎన్నికల వెంటనే, పాతసభ సెలవు తీసికొనకముందు, అట్టిదే మఱియొక బిల్లు వోటునకు రానున్నదనిరి, రాలేదు. ఒకమారు ఆ కక్షి, ఒకమారు ఈ కక్షి గెలిచినవి. మన వరుస అడుగైనను కదలలేదు.

శాసనసభలు కదలకున్నను అధికారుల కలము మాత్రము కదలుచునే యున్నది. హెచ్-4 వీసాపై నున్న భార్యలకు పని చేయుటకు 2015లో అనుమతి నిచ్చిరి. తరువాతి ప్రభుత్వము దానిని తీసివేయుదుమనెను. 2021లో ఆ తలంపు విరమింపబడెను. ఆ నడిమి యేండ్లలో ఎన్ని కాపురములు నిద్రలేక గడపినవో! 2025 సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు ట్రంపు గారొక ప్రకటనతో క్రొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించిరి. స్వదేశమునకు వచ్చియున్నవారు పండుగలను, పెండ్లిండ్లను విడిచి విమానాశ్రయములకు పరుగెత్తిరి. మరునాడు, ఇది పాత వీసాలవారికి వర్తింపదని వివరణ వచ్చినది. ఒక రాత్రి వ్రాతకు ఇంతమంది గుండెలు దడదడలాడుట ఆత్మగౌరవము గల జాతికి మేలా?

మేము అమెరికా ప్రజలను నిందింపము. తన గడపలోనికి ఎవరిని రానీయవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి దేశమునకు కలదు. అచ్చటి ప్రతినిధి తనకు వోటు వేయువారి ముఖము చూచును; వోటు లేనివాని కన్నీరు చూడడు. అది అతని దోషము కాదు, ప్రజాప్రభుత్వ ధర్మమే అట్టిది. 2022లో హైదరాబాదున జన్మించిన శ్రీమతి అరుణా మిల్లర్ మేరీలాండు రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికైనపుడు తెలుగువారందఱు ఉప్పొంగిరి. మేమును సంతోషించితిమి. కాని ఆమె ప్రమాణము చేసినది మేరీలాండు ప్రజల కొఱకు. మియాపూరు ప్రజల కొఱకు కాదు. అట్లుండుటయే న్యాయము. ఆమె పుట్టిన యూరు మనదైనంతమాత్రమున ఆమె వోటర్లు మనము కాజాలము.

పూర్వకథ నొకటి స్మరింతము. 1917లో అమెరికా చట్టము మనవారిని రానీయక తలుపు మూసినది. 1923లో భగత్ సింగ్ థిండు వ్యాజ్యమున అచ్చటి సుప్రీము కోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. ఆ తలుపు కొంచెము తెఱచుకొన్నది 1946లో. ఏటికి నూరుగురు రావచ్చునని, పౌరులు కావచ్చునని అనిరి. అప్పటికి మనకు స్వాతంత్ర్యము గడపలోనికి వచ్చియుండెను. అచ్చటి మనవారు పడిన శ్రమ తక్కువది కాదు; కాని ఇంట బానిసయైన జాతికి బయట పీటవేయువా రుండరను సత్యమును ఆనాటి పెద్దలెఱుగుదురు. కావుననే వారు వోటు కొఱకు చెఱసాలలకేగిరి.

అట్లు సంపాదించిన వోటును మన సైబరాబాదు ఏమి చేసినది? 2023 నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగినవి. రాష్ట్రమున నూటికి 71 మంది వోటు వేసిరి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి చేరియున్న శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకు మించి వోటర్లున్నను అందు సగమైనను కదలలేదు. 2020 డిసెంబరులో జరిగిన హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఎన్నికలలో నగరమంతటను వేసినవారు నూటికి 47కు లోపే. అమెరికావారు మాత్రము మిన్నలా యని యడుగవచ్చును. 2014 మధ్యకాలపు ఎన్నికలలో వారును నూటికి 37 దాటలేదు. కాని 2018లో అర్హులలో సగము మంది వచ్చిరి. నూఱేండ్లుగా అట్టి ఎన్నికలలో అంత సంఖ్య లేదు. సభయొక్క అధికారము చేతులు మారినది.

మా వోటు స్వగ్రామమున నున్నదని కొందఱందురు. 2019లోను 2024లోను రెండు రాష్ట్రములకు ఒకే దినమున ఎన్నిక వచ్చినపుడు బస్సులు నిండ ఆంధ్రదేశమునకేగి వోటు వేసి వచ్చినవారిని మేము మెచ్చుకొందుము. కాని 2023లో ఎన్నిక తెలంగాణకు మాత్రమే. పేరు ఇచ్చటి జాబితాలో నుండియు, గురువారపు సెలవును వారాంతముతో కలుపుకొని విహారమునకేగినవానికి ఏ సాకు చెల్లును?

ఇచ్చటి వోటునకు ప్రయోజనము లేదందురా? ఒక వాన కురిసిన ఐటి కారిడారు త్రోవలు మడుగులగును. చెఱువుల కాలువలపై మేడలు లేచినవి. 2025లో కంచ గచ్చిబౌలియందలి 400 ఎకరములలో చెట్లు కొట్టుచుండగా విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీము కోర్టు ఆపించినది. విద్యార్థులును న్యాయమూర్తులును చేసిన పనిలో వోటర్ల పాలెంత? అంతేకాదు, మన కళాశాలలకు పరిశోధన ధనమెంత, ఒక్క దేశపు వర్తకముపైననే యాధారపడక తక్కిన ఖండములతో ఒడంబడికలెట్లు, పరదేశమున మనవారికి కీడు వచ్చిన మన ప్రభుత్వము పలుకు పలుకెంత గట్టిది, ఇవన్నియు తేల్చునది ఢిల్లీ లోకసభ. ఆ సభకు చేవెళ్ల నుండి పోవు సభ్యుని ఈ ప్రశ్నలు అడుగవలసినవారు హైటెక్ సిటీవారే.

కావున మేము కోరునది స్వల్పము. ఇచ్చట నివసించువారు ఇచ్చటనే పేరు వ్రాయించుకొనవలెను. ఆఱవ నంబరు పత్రము నింపుట వీసా దరఖాస్తుకంటె కష్టము కాదు. కంపెనీలు ప్రజాప్రాతినిధ్య చట్టము చెప్పినట్లు వోటు దినమున వేతనముతో సెలవిచ్చుటయే కాక, అది వోటు కొఱకే యని గుర్తు చేయవలెను. విదేశములలో నుండియు భారత పౌరులుగనే యున్నవారికి 2010నాటి సవరణ వోటు నిచ్చినది. కాని స్వయముగా వచ్చి వేయవలెను. వారున్న చోటనుండియే వేయు మార్గమును పార్లమెంటు కల్పింపవలెను.

మన పిల్లలు దేశదేశములకు పోవుదురు గాక, ఆర్జింతురు గాక. మేము తలుపులు మూయుమనువారము కాము. కాని పరుల వోట్ల పెట్టెలలో మన జాతకము వెదకుచు, మన వోట్ల పెట్టెను ఖాళీగా పంపుట తగదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. ఇంటి పందెమున కూర్చొననివానికి రచ్చలో గెలుపెక్కడిది?