ఏ నేల నుంచి కొలుస్తారు?

భువనగిరిలో చదునైన జాగా దొరకడం కష్టం. ఐదు వందల అడుగుల ఏకశిల చుట్టూ, దాని వాలులో అల్లుకున్న ఊరిది. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరున కోట వెలసిన నాడు ఎత్తుకు కొలబద్ద ఆ బండే. ఇప్పుడు ఎత్తు తేల్చేవి భవన నిర్మాణ నిబంధనలు. ఆ కొలత ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గరే చిక్కంతా ఉంది.

2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవో భవనం ఎత్తును ఆనుకుని ఉన్న రోడ్డు నుంచి కొలవమంటుంది. ఎగుడుదిగుడు నేలైతే అక్కడి నేల మట్టం లేదా స్థలం చదును చేశాక ఏర్పడే మట్టం సగటును తీసుకోవచ్చంటుంది. ఆ 'లేదా'లో ఎన్ని లారీల మొరమైనా పోయొచ్చు.

లెక్క చూడండి. ఒక ప్లాటు ఎగువ అంచుకూ దిగువ అంచుకూ 2 మీటర్ల తేడా ఉందనుకుందాం. అసలు నేల సగటు నుంచి 10 మీటర్లు కడితే దిగువన గోడ 11 మీటర్లు లేస్తుంది. మొరంతో ఎగువ మట్టానికి చదును చేసి కొలిస్తే 12 అవుతుంది. కాగితం మీద మాత్రం రెండూ పదే. కింది ఇంటికి వెలుతురు తగ్గేది 12 మీటర్ల లెక్కన, పక్కన వదిలే ఖాళీ 10 మీటర్ల లెక్కన. ఇక వానొస్తే నీళ్లు ఎవరి వాకిట్లో చేరతాయో వేరే చెప్పాలా? పైగా 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో 10 మీటర్ల వరకు ఎత్తుండే ఇళ్లకు టీఎస్ బీపాస్ చట్టం స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తోంది. ఆ వేగం మంచిదే. కానీ మొరం పడకముందు నేల ఎక్కడుందో రాసిపెట్టనప్పుడు, తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి దేన్ని చూసి తేలుస్తాడు?

పోనీ రోడ్డునే నమ్ముకుందామంటే అదీ నిలకడగా లేదు. పాత సీసీ మీదే కొత్త సీసీ పోసుకుంటూ పోతున్నారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కిన గడపకు ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నాం. బేస్‌మెంటు చుట్టుపక్కల నేలకంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. దాన్ని బుద్ధిగా పాటించినవారి ఇళ్లే గుంతల్లో మిగిలాయి. అది చూసి కొత్తగా కట్టేవాడు నాలుగైదు అడుగులు లేపుకుంటే అతణ్ని ఏమనగలం?

మన పిల్లలెందరో స్థిరపడిన సియాటిల్ కూడా గుట్టల ఊరే. అక్కడ చదును చేయకముందున్న పాత నేల సగటు నుంచే ఎత్తు లెక్క. మట్టి పోస్తే ఒక్క అంగుళమూ కలిసిరాదు. 168 జీవోలో ఆ 'లేదా' కొట్టేసి ఈ మాట రాయాలి.

రైల్వేవాళ్లు స్టేషన్ల పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాస్తారు. వార్డుకొకటి చొప్పున అలాంటి గుర్తురాయి పాతించడం పురపాలక సంఘానికి ఏపాటి పని? మట్టి పోయకముందు ప్లాటు నాలుగు మూలల మట్టం, ఫొటోతో సహా, ప్లానులో ఉండి తీరాలి. పాత పొర తీయకుండా కొత్త రోడ్డు పోసిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి. జీవో సవరణకు హైదరాబాద్ కదలాలి. రాళ్లు పాతడానికీ బిల్లు ఆపడానికీ భువనగిరి చాలు. వానాకాలం రాకముందే, కోట కింది వార్డులతో మొదలుపెట్టండి.