కుస్కుస్ కావాలి, హిజాబ్ వద్దా?

మార్సెయ్‌లో నోఆయ్ బాజార్‌కు అక్కడి బావర్చీతో సౌదాకు పోయాను. పుదీనా, కొత్మీర్, ఖజూర్, జీలకర్ర... కళ్ళు నిండిపోయాయి. కొత్మీర్ నలిపి వాసన చూసి, "ఇదీ మా ఫ్రాన్స్ జాయికా!" అన్నాడు. అమ్మింది హిజాబ్ కట్టుకున్న అల్జీరియా ఖాలా.

జాయికా మీదైతే, ఖాలా పరాయిదా జనాబ్? ఆమె బేటీ సర్కారీ స్కూలుకు పోవాలంటే 2004 కానూన్ ప్రకారం గేటు దగ్గరే హిజాబ్ తీసెయ్యాలి. ఇక కుస్కుస్, అదే ఆ గోధుమరవ్వ వంట, ఫ్రాన్స్‌లో ఇంటింటా తింటారు. 2020లో యునెస్కో దాన్ని విరాసత్‌గా గుర్తించింది అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మౌరిటానియాల పేరున. తినడానికి లేని షర్తులు వండే చేతులకెందుకు?

అడిగేశాను. "సియాసత్ నాకొద్దు" అన్నాడు బావర్చీ. సంచీ నింపుకుని, ఖాలాకు అదబ్‌గా "మెర్సీ, మదామ్" చెప్పాడు.