గ్రహణమునాడు పుట్టిన గుఱ్ఱము

పొగరుబోతు గుఱ్ఱము పందెమున గెలిచినచో దాని పొగరే ప్రతిభ యందురు; ఓడినచో ప్రతిభను పొగరు మ్రింగివేసె నందురు. ఈ రెండు మాటలును జూదరుల నోట పుట్టినవే. ఎక్లిప్స్ అను ఇంగ్లీషు గుఱ్ఱమును గూర్చి రెండున్నర శతాబ్దములుగా చెప్పుకొనుచున్న కథలలో ఇవి పలుమాఱు వినవచ్చును. ఆ కథలను కొంచెము నిదానముగా చదివినవారికి వేఱొక సంగతి తోచక మానదు. దాని కోపమును జయించినవా డొక్కడును లేడు. దానిని తెలిసికొని అడ్డు తొలగినవారు మాత్రము కొందఱు కలరు. కీర్తియు ధనమును వారికే దక్కినవి.

1764 ఏప్రిల్ 1వ తేదీన ఇంగ్లండులో సూర్యగ్రహణము పట్టినది. ఆనాడు కంబర్లండు డ్యూకు విలియం రాజకుమారుని గుఱ్ఱములలో ఒకటి మగపిల్లను ఈనినది. గ్రహణమను అర్థము వచ్చునట్లు దానికి ఎక్లిప్స్ అని పేరు పెట్టిరి. తెలుగునాట నైనచో గ్రహణవేళ పుట్టినదానికి ఏ అవలక్షణము పట్టునో యని ఇంటిల్లిపాదియు బెంగపడి యుందురు. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణపుమొఱ్ఱి యనుట నేటికిని పోలేదు. రాజకుమారుడు శంకించినట్లు కనబడదు గాని, ఆ పిల్ల పరుగును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1765లో ఆయన గతించెను. పశువులను వేలము వేయగా విలియం వైల్డ్‌మన్ అను వర్తకుడు ఎక్లిప్సును 75 గినీలకు కొనెను. ఆయన లండనులోని స్మిత్‌ఫీల్డు సంతలో మాంసపు పశువుల వ్యాపారి.

రాగిరంగు మేను, నొసటినుండి ముక్కువఱకు తెల్లని చాఱ, కుడి వెనుకకాలికి తెల్లని మేజోడు తొడిగినట్లు మచ్చ. దూరమునుండి చూచుటకు ముచ్చటయైన జంతువే. దగ్గఱకు పోయినవారికి మాత్రము ఆ ముచ్చట తీరెడిది. వీపుమీద మనుష్యుని భారము దానికి గిట్టలేదు. మచ్చిక చేయబోయినవారు విసిగి, విత్తుకొట్టించుటయే మేలను ఆలోచన వఱకు వచ్చిరి. విత్తుకొట్టిన పశువు సాధువగునని స్మిత్‌ఫీల్డు వర్తకునకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. ఆయన వ్యాపారమంతయు అట్టి పశువులతోడిదే. అయినను ఆయన ఆ పని చేయింపలేదు. ఈ కథలో మొట్టమొదటి గొప్పపని ఇదే. చరిత్రకారులు దీనికి ఒక వాక్యము మాత్రమే కేటాయించి ముందునకు పోవుట న్యాయము కాదు.

విత్తుకొట్టించుటకు బదులు వైల్డ్‌మన్ దానిని ఎప్సమ్ దగ్గఱ మొండిగుఱ్ఱములను లొంగదీయుటలో పేరుపడిన యొక రౌతుకు అప్పగించెను. అతని పేరు ఎల్టన్ అని కొందఱు, ఎల్లర్స్ అని కొందఱు చెప్పుదురు. అతడు పగలంతయు దానిపై సవారి చేసి, చీకటి పడిన పిదప దొంగచాటు వేటకును దానినే తోలుకొని పోయెడివాడట. రేయింబవళ్లు ఇట్లు అలసిపోయి గుఱ్ఱము దారికి వచ్చెనని కథ. ఉపాధ్యాయులకు ఈ ఘట్టము మిక్కిలి ప్రీతికరముగా నుండుటలో వింత లేదు. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకునా?

కాని కథను ఇక్కడ ఆపరాదు. గుఱ్ఱము నిజముగా వంగియే యున్నచో, తరువాత దానిపై నెక్కిన జాకీలు కళ్లెమును యథేచ్ఛగా లాగి నడపియుండవలెను. జరిగినది అట్లు కాదు. దానిని పందెములలో నడపినవారిలో ముఖ్యుడైన జాన్ ఓక్లీ చేసిన పని జీనుమీద నిశ్చలముగా కూర్చుండుట మాత్రమే యని చెప్పుదురు. తల దాదాపు నేలకు ఆనించునట్లు వంచి పరుగెత్తుట ఎక్లిప్సునకు అలవాటు. ఏ శిక్షకుడును అట్టి పరుగును నేర్పడు, కనబడినచో మాన్పించును. ఓక్లీ మాన్పింపలేదు. కొరడాయు, మడమకు తగిలించు ఇనుపముల్లును దానిపై ప్రయోగింపలేదనుట నాటినుండి వచ్చుచున్న ప్రసిద్ధి. కనుక రౌతు ఆ గుఱ్ఱమునకు నేర్పినది మనుష్యుని మోయుట యొక్కటే. మనుష్యుని మాట వినుట కాదు. ఈ రెంటికిని గల భేదము చిన్నది కాదు. బడిలో దుడుకు పిల్లవాడు బల్లమీద కదలక కూర్చుండుట నేర్చినంత మాత్రమున పాఠము చెవికెక్కినట్లు కాదని తెలియని ఉపాధ్యాయు డుండడు.

1769 మే 3వ తేదీన, తన ఐదవ యేట, ఎక్లిప్స్ ఎప్సమ్‌లో మొదటిసారి పందెమునకు దిగెను. నాలుగు మైళ్ల దూరము. ఆ కాలపు పద్ధతి ప్రకారము ఒకే దినమున అవే గుఱ్ఱములు ఆ దూరమును మరల మరల పరుగెత్తవలెను. మొదటి పరుగును ఎక్లిప్స్ అవలీలగా గెలిచెను. అప్పుడు డెన్నిస్ ఓ కెల్లీ అను ఐరిష్ జూదరి ముందునకు వచ్చెను. అతడు అంతకుముందు అప్పులు తీర్పలేక చెఱసాలలో నుండి వచ్చినవాడు. రెండవ పరుగులో గుఱ్ఱములు ఏ వరుసలో వచ్చునో ముందే చెప్పెదనని పందెము కాసెను. చెప్పుమనగా, ఎక్లిప్స్ మొదటిది, తక్కినవాటికి స్థానమే లేదనెను. గెలిచిన గుఱ్ఱమునకు 240 గజములకు మించి వెనుకబడినవానిని లెక్కలోనికి తీసికొనరాదని నాటి నియమము. చెప్పినట్లే జరిగెను. ఆ మాట ఇంగ్లీషువారికి సామెతయై పోయినది. ఆ జూన్‌లో ఓ కెల్లీ 650 గినీలకు గుఱ్ఱములో సగభాగమును, మఱుసటి యేట 1,100 గినీలకు మిగిలిన సగమును కొనెను. అప్పుల జైలునుండి వచ్చినవానికి అంత ధనము ఎచ్చటిదని యడుగువారికి జూదరుల లెక్కలు ఎవ్వరికిని తెలియవని మాత్రమే చెప్పవలెను.

పదునెనిమిది పందెములలో దిగి ఎక్లిప్స్ ఒక్కదానిలోను ఓడలేదు. చివరకు ఎదురు నిలుచు గుఱ్ఱములే కఱవై, కొన్ని పందెములలో ఒంటరిగా నడచి గెలిచెను. 1771లో పందెములు మాన్పించి సంతతికై నిలిపిరి. వైల్డ్‌మన్ నాడు చేయింపక మానిన పని విలువ ఇప్పుడు తెలిసినది. 1780లో ప్రారంభమైన డెర్బీ పందెమును మొదటి ఐదేండ్లలో మూడుమాఱులు దాని కొడుకులే గెలిచినవి. నేడు లోకమున పందెములలో పరుగెత్తు థరోబ్రెడ్ జాతి గుఱ్ఱములలో నూటికి తొంబదియైదింటి వంశమును తండ్రివైపునుండి లెక్కించుచు పోయినచో ఎక్లిప్స్ దగ్గఱకు చేరును. హైదరాబాదు మలక్‌పేట మైదానమున పరుగెత్తు గుఱ్ఱములును ఈ జాతివే. స్మిత్‌ఫీల్డు వర్తకుడు ఒక్క దినము ఓర్పు కోల్పోయి యున్నచో ఈ వంశవృక్షము మొదటనే నఱకబడి యుండెడిది.

1789 ఫిబ్రవరి 27న ఎక్లిప్స్ కడుపుశూలతో మరణించెను. సెన్‌బెల్ అను ఫ్రెంచి పశువైద్యుడు కళేబరమును కోసి, ఎముకలను కొలిచి గ్రంథము వ్రాసెను. గుండె 14 పౌనులు తూగినదట. గుఱ్ఱముల గుణదోషములను దేహలక్షణములనుబట్టి నిర్ణయించుట అన్ని దేశముల వారికిని ఉన్న ముచ్చటయే. తెలుగున మనుమంచి భట్టు కూర్చిన హయలక్షణవిలాసము కలదు. సెన్‌బెల్ కొలతలు వేగమునకు కారణము వెదకుటకు పనికివచ్చి యుండవచ్చును. కోపమునకు కొలత దొరకలేదు. ఆ అస్థిపంజరము నేటికిని ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీలో నిలిచియున్నది.

ఎక్లిప్స్ కొడుకులలో నొకదాని పేరు పొటేటోస్, అనగా బంగాళాదుంపలు. గుఱ్ఱపుసాలలోని కుఱ్ఱవానిని ఆ పేరు వ్రాయుమనగా, వాడు మొదట పాట్ అని వ్రాసి దాని ప్రక్కన ఎనిమిది సున్నలు చుట్టెనట. ఇంగ్లీషు అక్షరము ‘ఓ’ సున్నవలెనే యుండును గదా. ఎనిమిది ఓలు కలిసి ‘ఎయిట్ ఓస్’ అయినవి. యజమాని నవ్వి ఆ వర్ణక్రమమునే స్థిరపఱచెను. విద్యార్థుల తప్పులను ఎఱ్ఱసిరాతో కొట్టివేయువారు ఈ యజమానిని ఒకమాఱు తలచుకొనవచ్చును.

కోపము కూడ వంశమున దిగినదా? గట్టిగా చెప్పజాలరు గాని, ఎక్లిప్స్ వంశమున 1881లో పుట్టిన సెయింట్ సైమన్ కథ వినినవారికి ఆ యనుమానము కలుగును. దీని స్వభావము మంట. శాంతపఱుచునని ఒక పిల్లిని తోడుగా సాలలో విడువగా, దానిని నోట కఱచి పైకప్పునకు విసరి చంపెను. ఇది ముద్దుగా చెప్పుకొనదగిన చేష్ట కాదు. గొప్ప గుఱ్ఱము చేసినంతమాత్రమున దౌష్ట్యము లీల కాజాలదు. ఇంత భయంకరమైన జంతువునకు ఉన్న భయము మాత్రము వింతయైనది. సాహిణి తన టోపీని కఱ్ఱకు తగిలించి చూపినచో అది కిక్కురుమనక నిలిచెడిదట. ఆ కాలపు జాకీలలో అగ్రగణ్యుడైన ఫ్రెడ్ ఆర్చర్ ఒకనాడు సాధన పరుగులో దీనికి ముల్లు తాకించెను. గుఱ్ఱము అదుపు తప్పి, ముందు పోవుచున్న గుఱ్ఱములనన్నిటిని దాటుకొని ఎచ్చటికో పోయినది. దిగిన పిదప ఆర్చర్, ఇది గుఱ్ఱము కాదు, ఆవిరియంత్రమని, బ్రదికియుండగా మరల దీనికి ముల్లు తాకింపనని చెప్పెను. 1884లో అది ఆస్కట్ గోల్డ్ కప్పును ఇరువది గుఱ్ఱముల నిడివి ముందుండి గెలిచెను. దానిని పరుగులో ఓడించిన గుఱ్ఱము లేదు.

ఇక్కడ ఆక్షేపణ యొకటి వచ్చును. కఱచు గుఱ్ఱములన్నియు ఎక్లిప్సులు కావు. తన్ని, కఱచి, ఏ పందెమును గెలువక పోయినవి లెక్కకు మిక్కిలి. నిజమే. కోపము ప్రతిభకు గుఱుతు కాదు. అయితే ప్రతిభ లేదనుటకును గుఱుతు కాదు. మచ్చిక చేయువాడు తొందరపడి రెంటిని ఒకటిగా లెక్కించినప్పుడే కత్తి చేతికి వచ్చును. ఇక అడ్డు తొలగినవానికి ఎల్లప్పుడు లాభమే కలుగునా యన్నచో, అదియును లేదు. ఇందులకు ఇటీవలి సాక్ష్యము జపానులో కలదు.

గోల్డ్ షిప్ అను బూడిదరంగు గుఱ్ఱము 2009లో పుట్టినది. ఇదియును ఎనిమిది సున్నల పొటేటోస్ ద్వారా ఎక్లిప్స్ వంశమే. తోడి గుఱ్ఱములను తన్నుట, నాలుక బయటపెట్టి వెక్కిరించినట్లు నిలుచుట దీని చేష్టలు. పరుగెత్తవలెనని తోచినప్పుడు అందఱికంటె వెనుకనుండి బయలుదేరి అందఱిని దాటెడిది. తోచనప్పుడు ఎవ్వరేమి చేసినను పరుగెత్తెడిది కాదు. తకరజుక కినెన్ అను పెద్దపందెమును 2013లోను 2014లోను గెలిచెను. అంతకుముందు ఏ గుఱ్ఱమును దానిని రెండుమాఱులు గెలిచియుండలేదు. 2015 మే నెలలో మఱొక పెద్దపందెమున గేటులోనికి పోనని మొండికెత్తగా కండ్లకు గంత కట్టి త్రోసిరి. ఆనాడు గెలిచినది. జూన్ 28న మూడవమాఱు తకరజుక కినెన్‌కు వచ్చినప్పుడు అందఱి పందెమును దానిమీదనే. గేటు తెఱచునంతలో ముందుకాళ్లెత్తి నిలువుగా లేచినది. తక్కినవి పోయిన పిదప తీరికగా బయలుదేరి పదునైదవదిగా వచ్చినది. సుమారు 1,200 కోట్ల యెన్‌ల టిక్కెట్లు చిత్తుకాగితములైనవి. డబ్బు తిరిగి యియ్యలేదు.

ఆ సంవత్సరాంతమున అరిమా కినెన్ పందెమునకు గుఱ్ఱములను ప్రేక్షకులు వోటువేసి యెన్నుకొనగా, అన్నిటికంటె ఎక్కువ వోట్లు గోల్డ్ షిప్‌కే వచ్చినవి. దానిలో ఎనిమిదవదిగా వచ్చి పందెములకు స్వస్తి చెప్పినది. 2025 జూన్‌లో దాని కొడుకు మెయిషో తబారు అదే తకరజుక కినెన్‌ను గెలిచెను. అది గేటునుండి చక్కగా బయలుదేరి, మొదటినుండి చివరివఱకు ముందే యుండెను. దాని వీపున నున్న జాకీ యుతకా టకే. ఆయనకు అప్పటికి 56 ఏండ్లు.