మట్టిల్లు ఎవరు అలకాలి?

పర్యావరణహితమైన ఇల్లు అనగానే మన సాహిత్య లోకానికి కళ్ళు చెమరుస్తాయి. మండువా లోగిలి ఫోటో ఒకటి, కింద ‘ఆ రోజులే వేరు’ అని ఒక వాక్యం, దానికి బోలెడు లైకులు. కొట్టేది మణికొండలోనో మాదాపూర్‌లోనో 14వ అంతస్తులో, పడమటెండకి ఎదురుగా నిలబెట్టిన అద్దాల వెనక, ఏసీ 18లో పెట్టుకుని. పోనీలెండి, అందరం దొరికినచోటే అద్దెకి ఉంటాం. నా తగాదా ఏసీతో కాదు, ఆ కళ్ళు చెమర్చడంతో.

మండువా ఇల్లు గొప్ప ఇల్లే, కాదనను. నడిమధ్య ఆకాశానికి తెరిచి, నాలుగు వైపుల పెంకు వాలునీ లోపలికి దించి, గోదావరి జిల్లాల ఉక్కలో వేడిగాలికి పైకి దారి చూపించిన ఇల్లు అది. కానీ ఆ మండువాలోకి ఎవరు రావచ్చో, ఎవరు వీధరుగు దగ్గరే ఆగాలో, ఎవరు అరుగు కూడా ఎక్కకూడదో కట్టిన రోజే తేలిపోయింది. ‘స్థానిక సమాజానికి స్పందించే వాస్తుశిల్పం’ అని ఇప్పుడు పెద్ద మాట వాడుతున్నాం కదా, ఆ ఇల్లు నిజంగానే స్పందించింది. ఊళ్ళో కులం ఎలా ఉందో గోడలూ అలాగే లేచాయి. గాలీ వెలుతురూ లెక్కలో మాత్రమే దాన్ని మెచ్చుకునేవాళ్ళు సగం ప్లానే చూస్తున్నారు.

రాయలసీమ మిద్దె సంగతి చూడండి. రాతి గోడ, దూలాలు, వాటి మీద కట్టెలో నాపబండలో పరిచి, పైన మందంగా మట్టి, ఆ పైన చవుడు. వెలుతురుకి కప్పులో ఒక గవాక్షి. కడప ఎండలో మిట్టమధ్యాహ్నం కూడా లోపల పడుకోవచ్చు. ఇంతవరకూ అందరూ రాస్తారు. వానలు రాకముందే ఏటా మిద్దెనెక్కి చవుడు సరిచేసుకోవాలనీ, ఏమరితే తొలి ముసురుకే కారుతుందనీ, కింద నేల అలికేది ఆడవాళ్ళనీ ఎవరూ రాయరు. వాళ్ళకి వేరే పని లేదా? వాన లేని సీమలో ఇంటిల్లిపాదీ బెంగళూరుకి కూలికి పోతే ఆ మిద్దె ఎవరు ఎక్కాలి? శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్ళూ అంతే. గుండ్రటి గోడ గాలికి ఎదురు నిలబడదు, పక్కకి తప్పిస్తుంది. కప్పు దాదాపు నేల దాకా దిగి గోడని కాస్తుంది. తుఫానుకి ఇంత తెలివైన జవాబు ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఇచ్చింది? అదే ఇల్లు ఒక్క నిప్పురవ్వకి వరసగా పేటంతా అంటుకుంటుంది.

అందుకే స్లాబు వేసుకున్న మనిషికి ప్రకృతి పాఠాలు చెప్పకండి. ఆ స్లాబు పగలంతా ఎండని తాగి రాత్రంతా కక్కుతుందని ఆయనకి మనకన్నా బాగా తెలుసు; మే నెలలో ఆరుబయట మంచం వేసుకునేది ఆయనే. అయినా స్లాబే కావాలంటున్నాడంటే కొంటున్నది కాంక్రీటు ఒక్కటే కాదు. కారని కప్పు, కాలని కప్పు, ఊళ్ళో నలుగురి ముందూ తలెత్తుకునే కప్పు.

దీనికి ప్రభుత్వం తనవంతు వేసింది. మన సర్వేల లెక్కలో కాల్చిన ఇటుక, సిమెంటు ఉంటే పక్కా. మట్టి, పచ్చి ఇటుక, వెదురు, తాటాకు అయితే పక్కా కాదు. నైపుణ్యం ఏదైనా, గోడ ఎన్నేళ్ళు నిలిచినా ఆ గడి మారదు. ఇక ఇళ్ళ పథకాలు: తెలంగాణ డబుల్ బెడ్‌రూం పథకంలో ఇల్లు ఆదిలాబాద్ చలికైనా ఖమ్మం ఎండకైనా 560 చదరపు అడుగులే ఉండేది. ఆంధ్రలో పేదల కాలనీలకి 340 ఉండేది. దూడని కట్టేదెక్కడ, మిరపకాయలు ఎండబెట్టేదెక్కడ, ముసలాయన పగలు కూర్చునేదెక్కడ అని ఆ ప్లాను ఎవరినీ అడగలేదు.

ఈజిప్టులో హసన్ ఫతీ కథ ఇక్కడ పనికొస్తుంది. 1940ల్లో లగ్జర్ దగ్గర న్యూ గూర్నా అని పచ్చి ఇటుకలతో, కమానులూ గుమ్మటాలతో అద్భుతమైన ఊరు కట్టాడు. పాత ఊరివాళ్ళలో చాలామంది రాలేదు. వాళ్ళ బతుకు పాత సమాధుల చుట్టూ ఉంది. పైగా గుమ్మటం అంటే వాళ్ళకి గోరీ. ఫతీ మట్టికి స్పందించాడు, మనుషుల్ని సరిగ్గా వినలేదు. ఇప్పటికీ వాస్తుశిల్ప విద్యార్థులు ఆ గుమ్మటాలనే మెచ్చుకుంటారు. బుర్కినా ఫాసోలో ఫ్రాన్సిస్ కెరె 2001లో సొంత ఊరు గాండోలో బడి కట్టినప్పుడు వేరే దారి పట్టాడు. వానకి మట్టి నిలవదన్న ఊరివాళ్ళ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేదు. మట్టిలో కాస్త సిమెంటు కలిపి ఇటుకలు పోయించాడు. రేకు కప్పునీ వదల్లేదు. గోడల మీద నుంచి ఎత్తుగా లేపి, మధ్యలోంచి వేడి బయటికి పోయేలా చేశాడు. కట్టింది ఊరే. 2022లో ఆయనకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, సరే. నాకు ముఖ్యం ఆ రేకు. స్వచ్ఛత పిచ్చి ఉన్నవాడెవడూ దాన్ని ముట్టుకునేవాడు కాదు.

మన పిచ్చి రెండు రకాలు. ఒకటి పైన చెప్పిన మట్టివాసన. రెండోది సర్టిఫికెట్. హైదరాబాద్ కొత్తగూడలోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో లీడ్ ప్లాటినం వచ్చింది, దేశంలో మొదటిది. గుండ్రటి ఇల్లు, నడుమ వాకిలి, జాలీ గోడ: మన పాత తెలివే. దాని చుట్టూ లేచిన నగరం అందులోంచి నేర్చుకున్నది ప్లాటినం అన్న మాట మాత్రమే. వాకిలి పోయింది, జాలీ పోయింది, అద్దం మిగిలింది. అద్దపు పెట్టెని ముందు ఎండలో నిలబెట్టి, తర్వాత దాన్ని పొదుపుగా చల్లబరిచినందుకు పతకం ఇస్తున్నాం.

అడగాల్సినవి పెద్దవేం కావు. లారీ బేకర్ తిరువనంతపురంలో దశాబ్దాల పాటు చేసి చూపించినవే. ఇటుకని పక్కకి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో సుమారు పావు వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీయే వేడిని ఆపుతుంది. స్లాబులో కింది వైపు కాంక్రీటు బదులు పాత పెంకులు పెడితే సిమెంటూ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. కప్పు పక్కాయే, ఎవరి పరువూ పోదు. ఇది తెలిసిన మేస్త్రీలు మన జిల్లాల్లో ఎంతమంది? తెలిసినవాడికి మామూలు కూలి కన్నా ఎక్కువ ఇచ్చే పథకం ఏది? ప్రతి మండలంలో పదిమంది మేస్త్రీలకి ఈ పని నేర్పించి, కాలనీ ఇళ్ళు వాళ్ళకే అప్పజెప్పి, గోడ లేపకముందు ఆ ఇంటావిడని పొయ్యి ఎక్కడ కావాలో అడగమనండి. తాండూరు బండ తాండూరు కాలనీలో అయినా పరవమనండి. అక్కడ సున్నపురాయి ఒక పక్క బండలుగా కోసి దేశమంతా పంపుతున్నారు, ఇంకో పక్క కాల్చి సిమెంటు చేస్తున్నారు.